బొమ్మ వస్తాంది, మాట రాదు

మూడు రోజులుగా మా ఇంట్లో ఇదే గొడవ. అక్క పెళ్లి డీవీడీ పెట్టమని జేజి అడిగింది. పోయిన మా తాత గొంతు మిగిలింది ఆ డిస్కులోనే. బొమ్మ అద్దం మాదిరి వస్తాంది, నాదస్వరం ఊదేవాళ్ల బుగ్గలు ఉబ్బుతాన్నాయి, శబ్దం మాత్రం సున్న. జేజి టీవీకి చెవి ఆనించి కూర్చుంటే నాకు కడుపు తరుక్కుపోయింది.

కేబుల్ పీకి పెట్టినాను, మ్యూట్ చూసినాను, వాల్యూమ్ చివరిదాకా పెంచినాను. కడప ఎండలో టీవీ కొన్న అంగడికి పోతే అరగంట నిలబెట్టి, 'ప్లేయర్ పాతది, పారేయండి' అన్నారు. ప్లేయర్ అమ్మినవాళ్లేమో టీవీదే తప్పంటారు. ఒక్కరైనా సెట్టింగ్ చూడమని చెప్పలేదే!

తప్పు రెండిట్లోనూ లేదు. ప్లేయర్ ఆడియో మెనూలో డిజిటల్ ఔట్‌పుట్ 'బిట్‌స్ట్రీమ్' అని ఉంది. అంటే డిస్కులోని శబ్దాన్ని విప్పకుండా మూటగానే హెచ్‌డీఎంఐ (బొమ్మ, మాట రెండూ ఒకే వైరులో పోయే కేబుల్) గుండా టీవీకి పంపుతుంది. ఆ మూట విప్పడం మా టీవీకి చాతకాలేదు. 'పీసీఎం' అని, అంటే ప్లేయరే మూట విప్పి పంపేటట్టు మార్చినాను, మేళం మోగింది! పాత మూడు రంగుల వైర్లయితే ఇంకో తిప్పలు. పసుపుది బొమ్మకే, మాట రావాలంటే ఎరుపు, తెలుపు కూడా గుచ్చాల.

ఈ నాలుగు ముక్కలు తెలుగులో అచ్చేసి పెట్టెలో పెడితే వీళ్ల సొమ్మేం పోతుంది? ఇంటింటికీ అమ్మేటప్పుడు తెలుగు వస్తుంది, వాడేది చెప్పేటప్పుడు రాదా?

'అమ్మాయిని బాగా చూసుకోప్పా' అని తాత అన్న ఒక్క మాటను జేజి నాలుగుసార్లు పెట్టించుకొని వినింది.