తెల్లరోడ్డుకి తారు వేస్తే?

అక్టోబరులో ఓ సాయంత్రం. ఇటలీలో అషానో అనే చిన్న ఊరు. కాఫీ బార్ బయట మూడు కుర్చీలు. ఒక పక్క మా ఆయన, ఒక పక్క మా తమ్ముడు, మధ్యలో నేను. మా ఆయనకి ఉద్యోగం మ్యూనిక్‌లో, ప్రాణం సైకిల్లో. తమ్ముడు ప్రకాశం జిల్లాలో పంచాయతీరాజ్ ఇంజనీరు, సెలవు పెట్టి మా దగ్గరికి వచ్చాడు. ఆ రోజు ఇద్దరూ సియెనా నుంచి మట్టిదారిన వచ్చారు. ఈయన గ్రావెల్ బైకు (మట్టిదారుల్లో తొక్కడానికి చేసిన సైకిలు) మీద, వాడు అద్దెకి తీసుకున్న కరెంటు సైకిలు మీద. సామాన్లతో వెనకాలే కారులో నేను.

ఈ ఊరున్న టస్కనీ ప్రాంతంలో, పల్లెల్లో తారు ఎరగని దారులు ఇంకా చాలా ఉన్నాయి. తెల్లగా ఉంటాయి కాబట్టి 'స్త్రాదె బియాంకె', అంటే తెల్లరోడ్లు, అంటారు. వాటిని అలాగే వదిలెయ్యాలా, తారు వెయ్యాలా అన్నది తగువు. మొదలుపెట్టింది తమ్ముడే.

తమ్ముడు: బావా, మీ అందాలన్నీ తర్వాత. ముందు నా కాళ్లు చూడండి. సన్‌స్క్రీన్ రాసుకున్న చోటల్లా ముగ్గుపిండి పట్టేసింది. ఇది రోడ్డా, పిండిమరా?

మా ఆయన: ఆ పిండి కోసమే జనం ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. నువ్వొచ్చిన మోంతె సాంతె మారియె దారి పదకొండున్నర కిలోమీటర్లు. ఏటా మార్చిలో జరిగే పెద్ద సైకిలు రేసులో అదే అసలు పరీక్ష. 2024లో పొగాచార్ అనే రేసరు అక్కడే అందర్నీ వదిలేసి, ఇంకా 81 కిలోమీటర్లుండగా ఒంటరిగా వెళ్లి గెలిచాడు. అంతకుముందు కాన్చెల్లారా అనే రేసరు ఆ రేసు మూడుసార్లు గెలిస్తే ఆ దారికి ఆయన పేరే పెట్టారు.

తమ్ముడు: పొగాచార్ ఏడాదికోసారి వచ్చి పోతాడు. అక్కడ ఉండేవాళ్ల సంగతి చెప్పండి. ఓ మలుపులో రాతి ఇల్లుంది, చూశారా? పెద్దావిడ దండెం మీద దుప్పట్లు ఆరేసింది. ఎవరిదో కారు చప్పుడు వినపడగానే పరుగున వచ్చి నాలుగూ లాగి చంకన పెట్టుకుంది. దుమ్ము అణిగాక మళ్లీ ఒక్కొక్కటీ దులిపి ఆరేసుకుంది. నేను గుక్కెడు నీళ్లు తాగుదామని ఆగి అంతా చూశాను.

(ఆ కారు నాది. అప్పటికి నోరు విప్పలేదు.)

మా ఆయన: కారు నెమ్మదిగా పోతే దుమ్ము లేవదు కదా.

తమ్ముడు: లేస్తుంది. ఇది సున్నపురాయి పొడి, బంకమట్టి. మా దగ్గర గ్రావెల్ అంటే ఎర్రమట్టి, ఇక్కడ తెలుపు. రంగే తేడా. ఎండితే గాల్లో ఉంటుంది, తడిస్తే చక్రానికుంటుంది.

మా ఆయన: తడిస్తే దాని మజా వేరు! 2010లో జీరో డిటాలియా, అంటే ఇటలీ అంతా తిరిగే పెద్ద సైకిలు రేసు, వానలో ఈ తెల్లరోడ్ల మీదుగా మోంతాల్చీనో అనే ఊరు చేరింది. ఆ రోజు గెలిచిన కాడెల్ ఇవాన్స్ ప్రపంచ చాంపియన్, ఒంటి మీద ఇంద్రధనుస్సు చారల జెర్సీ. బురదలో ఒక్క రంగూ కనపడలేదు. ఇప్పటికీ ఆ ఫొటో చూసి...

తమ్ముడు: బావా, మా మండలంలో రోడ్డు అలా ఉంటే జనం అందులో వరినాట్లు వేసి ఫొటో దిగుతారు. అదీ పేపర్లో వస్తుంది. నిరసన అనే శీర్షిక కింద.

(ఇక్కడ ఈయన కాఫీ పొలమారింది.)

మా ఆయన: సరే, ఇది విను. కియాంతిలో గయోలె అనే ఊరుంది. 1997లో ఆ ఊరి నుంచి 92 మంది పాత సైకిళ్లేసుకుని బయల్దేరారు, ఈ దారులకి తారు వెయ్యొద్దని చెప్పడానికి. దాని పేరు లెరోయికా. ఇప్పుడు ఏటా అక్టోబరులో వేలమంది వస్తారు, 1987కి ముందు తయారైన రేసు సైకిళ్ల మీద. ఆ ఒక్కరోజు తతంగమే కాదు, 209 కిలోమీటర్ల దారికి బోర్డులు పెట్టారు, ఏడాది పొడుగునా ఎవరైనా తొక్కుకోవచ్చు. మనం ఇవాళ వచ్చిందీ అందులో ముక్కే. ఆ 92 మంది లేకపోతే ఈపాటికి ఇదంతా నల్లరోడ్డే.

తమ్ముడు: రోడ్డు వెయ్యమని అడిగేవాళ్లని రోజూ చూస్తాను. వద్దని అడిగేవాళ్లని ఇప్పుడే వింటున్నా. ఇంతకీ ఆ రోడ్డు మీద కాపురం ఉన్నవాళ్లు ఆ 92లో ఎంతమంది?

మా ఆయన: అందరూ బయటివాళ్లేం కాదు. ఆ యాత్ర పుట్టిందే గయోలెలో. ఇంకోటి, ఇవి ఊరికే పడి ఉన్న దారులు కావు. మెజ్జాద్రియా అని ఇక్కడ వందల ఏళ్లు నడిచిన పద్ధతి. భూమి దొరది, కష్టం రైతుది, పంట చెరిసగం.

తమ్ముడు: సగం పాలుకి చెయ్యడం. మనకి కొత్తా?

మా ఆయన: అదే. ఒక్కో రైతు కుటుంబం పొలం మధ్యలోనే కాపురం. అందుకే దిబ్బ మీదొక ఇల్లు, ఇంటికో దారి. నువ్వు చూస్తున్న ఈ దారులూ సరుగుడు చెట్లలా నిలబడ్డ ఆ సైప్రస్ వరసలూ ఆ బతుకులోంచి వచ్చినవే.

తమ్ముడు: ఆ బతుకు బాగుంటే వాళ్లు ఎందుకు వెళ్లిపోయారు?

(ఈయన జవాబు చెప్పడానికి కాస్త సమయం తీసుకున్నాడు. వాడు వేసిన ప్రశ్నల్లో నాకు నచ్చింది ఇదొక్కటే.)

మా ఆయన: వెళ్లిపోయారు. యాభైల్లో, అరవైల్లో పట్నాల్లో ఫ్యాక్టరీలు పిలిచాయి. 1964లో అలాంటి కొత్త ఒప్పందాలు రాసుకోకూడదని చట్టం వచ్చింది. ఇళ్లు ఖాళీ అయ్యాయి.

తమ్ముడు: అదే నేననేది. మనుషులు లేక తారు పడలేదు. దాన్ని మీరు వారసత్వం అంటున్నారు. మన దగ్గర 2000 డిసెంబరు 25న గ్రామ సడక్ యోజన మొదలుపెట్టింది ఎందుకు? అయిదొందల జనాభా ఉన్న పల్లెకి కూడా వానాకాలంలో నడిచే రోడ్డుండాలని. ఆ రోడ్డు పడ్డాక 108 ఇంటి ముందుకు వచ్చిందని ఏడ్చినవాళ్లని నేను చూశాను. నా ముందు మట్టి గొప్ప చెప్పకండి.

మా ఆయన: ఇక్కడ ఆ ఇళ్లే ఇప్పుడు బసలయ్యాయి. మనం రాత్రికి పడుకునేదీ అలాంటి దాంట్లోనే. తారు వేస్తే ముందు వచ్చేది అంబులెన్సు కాదు, తొంభైలో దూసుకుపోయే కార్లు. నీ పెద్దావిడకి దుప్పట్లు మిగుల్తాయేమో, రోడ్డు దాటే ధైర్యం మిగలదు.

తమ్ముడు: అయితే సైకిళ్లకి వేరే దారి చూపించండి. స్పెయిన్‌లో రైలుకట్ట అని పొద్దున మీరే చెప్పారుగా.

మా ఆయన: జిరోనా నుంచి ఓలోత్ దాకా. నేరోగేజ్ లైను. 1969లో రైలు ఆపేశారు, పట్టాలు తీసేసి ఆ కట్టనే సైకిలు దారి చేశారు. యాభై కిలోమీటర్లకి పైనే.

తమ్ముడు: అదీ పద్ధతి! అటు సైకిలు, ఇటు కారు. ఎవరి దుమ్ము వాళ్లది.

మా ఆయన: బాగుంటుంది, కాదన్ను. పిల్లలతో వెళ్లొచ్చు. కానీ రైలు ఎక్కగలిగిన వాలే కదా, గుండె నోట్లోకి రాదు. ఇక్కడ ఒక దిబ్బ ఎక్కి దిగేసరికి ఇంకో దిబ్బ. దున్నిన బూడిదరంగు పొలాలు, ఆ వాసన... నలభై మిల్లీమీటర్ల టైరులో గాలి తగ్గించి దిగుతుంటే కింద మట్టి రకం మారినప్పుడల్లా చేతులకి తెలుస్తుంది. తారు మీద ఏం తెలుస్తుంది?

తమ్ముడు: నాకూ తెలిసింది లెండి. దిగుడులో రేకులషెడ్డు రేకు మీద పోయినట్టే ఉంది, పళ్లు కొట్టుకున్నాయి. బండ్లు బ్రేకు వేసే చోటల్లా అలా అలలు కడుతుంది. గ్రేడరు పట్టించి ఎన్నాళ్లయిందో. ఎక్కేటప్పుడు మాత్రం మోటారు పుణ్యాన మీకంటే ముందున్నాను.

మా ఆయన: చదును మీద వేగం ఇరవై అయిదు దాటగానే మోటారు ఆగిపోయిందిగా. అప్పుడెక్కడున్నావ్, బామ్మర్దీ?

తమ్ముడు: (వినపడనట్టు) కాకపోతే ఒకటి. రోడ్డు వేసినవాడు పనివాడే. మధ్యలో ఎత్తు, రెండు పక్కలకీ వాలు సరిగ్గా ఉన్నాయి. గ్రావెల్‌కి నూటికి నాలుగు దాకా వాలు ఉండాలి, మా కాంట్రాక్టర్లకి చెప్పీ చెప్పీ నోరు పడిపోతుంది. చాలాచోట్ల నీళ్లు నిలిచిన జాడ లేదు. ఓ దిగుడు చివర రాతితో కట్టిన తూము ఉంది, ఎప్పటిదో మరి. ఇలా చూసుకుంటే మట్టిరోడ్డూ నిలబడుతుంది, ఒప్పుకుంటా. చూసుకోవడానికి ఏటా డబ్బు పెట్టేదెవరు అన్నదే నా గొడవ. సైకిళ్లవాళ్లు టోల్ కడతారా?

మా ఆయన: కాఫీ తాగుతారు, గదులు తీసుకుంటారు.

తమ్ముడు: అది బార్ ఓనర్‌కి. దుప్పట్లావిడకి ఏమొచ్చింది? ఆ కారువాడెవడో గానీ...

ఇక లాభం లేదని ఒప్పేసుకున్నాను. ఇద్దరూ నా వైపు తిరిగారు. వాదన మొదలైనప్పటి నుంచి వాళ్లు ఏకాభిప్రాయానికి వచ్చింది అప్పుడే, నేను కారు నడిపే తీరు గురించి. బిల్లు వచ్చేదాకా అదే నడిచింది.

మర్నాడు వాన అని ఫోన్ చెబుతోంది. మోంతాల్చీనోకి ఏ దారిన వెళ్దామని ఈయన అడిగాడు. తమ్ముడు కాసేపు మ్యాపు చూసి, ముందు ఆ తూము దాకా వెనక్కి వెళ్దామన్నాడు. వానలో నీళ్లు ఎటు పోతాయో చూడాలట.

"నువ్వూ రా అక్కా."

నేను తారురోడ్డునే వస్తానన్నాను.