"నీకేం పుట్టింది బిడ్డా?"

మూడోసారి గర్భం పోయిన రోజు నన్ను బాలింతల వార్డులోనే పడుకోబెట్టారు. పక్క మంచం మీద ఆ తెల్లవారుజామునే పుట్టిన పాప. వాళ్ల అమ్మమ్మ వార్డంతా లడ్డూలు పంచుతూ నా దగ్గరికి వచ్చి, "నీకేం పుట్టింది బిడ్డా?" అని అడిగింది. లడ్డూ చేతిలో పట్టుకునే గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆ పెద్దావిడ తప్పేమీ లేదు. నా మంచం అక్కడ వేసినవాళ్లను అడగాలి. మధ్యలో ఒక తెర కట్టడానికి ఎంత బట్ట కావాలి? బట్టల సంగతి నాకు తెలుసు, వరంగల్ చౌరస్తా దగ్గర బట్టల దుకాణంలో లెక్కలు రాస్తాను.

శుభ్రం చేశాక తీసినదాన్ని పరీక్షకు పంపమని మా ఆయన బతిమాలాడు. "అదిప్పుడెందుకయ్యా, ఇంకా వయసుంది, మళ్లీ చూసుకోండి" అన్నారు డాక్టర్లు. అప్పటికే పారేశారు. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగానికి బిడ్డ క్రోమోజోముల లోపమే కారణం. అదే అని తేలి ఉంటే "బొప్పాయి తిన్నావా, మెట్లెక్కావా, బరువెత్తావా" అని ఆరా తీసే చుట్టాలకు చూపించడానికి నా దగ్గర ఒక కాగితమైనా ఉండేది.

గర్భానికి హాని చేసే కొన్ని ఇన్‌ఫెక్షన్లను వెతికే టార్చ్ రక్త పరీక్ష మాత్రం మూడుసార్లూ రాశారు. ఎప్పుడో వచ్చి తగ్గిపోయిన ఇన్‌ఫెక్షన్ ఆనవాళ్లు కనిపించాయని మందులూ వాడించారు. వరుస గర్భస్రావాలకు కారణం వెతకడానికి ఆ పరీక్ష పనికిరాదని తర్వాత తెలిసింది. అసలు చేయాల్సినవి యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్షలు, అంటే రక్తాన్ని గడ్డకట్టించే యాంటీబాడీలు ఒంట్లో ఉన్నాయేమో చూసేవి. అవి నేను పట్టుబడితే గానీ రాయలేదు. అవి ఉన్నవాళ్లలో రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువ. రక్తం గడ్డకట్టకుండా చూసే తక్కువ మోతాదు ఆస్పిరిన్, హెపారిన్ ఇంజెక్షన్లతో వారిలో చాలామందికి గర్భం నిలుస్తుంది. రెండు గర్భాలు పోయినా వరుస గర్భస్రావంగా పరిగణించవచ్చని యూరప్ నిపుణుల సంఘం 2017లోనే చెప్పింది. నాకు రెండోది పోయినప్పుడు చెప్పింది "విశ్రాంతి తీసుకో" అని. నెలంతా మంచం దిగలేదు. మంచం మీద పడుకుంటే గర్భం నిలుస్తుందనడానికి ఆధారమే లేదట!

అత్తమ్మ మేడారంలో ఎత్తు బంగారం మొక్కుకుంది. త్రాసులో ఒకవైపు నేను, ఇంకోవైపు బెల్లం. మొదట్లో ఒళ్లు మండింది గానీ, ఇన్నాళ్లలో నా కోసం తనంతట తాను ఏదో ఒకటి చేసింది ఆమె ఒక్కతే. నెల తప్పిందని తెలియగానే వచ్చి పేరు రాసుకున్న ఆశా కార్యకర్త, పోయిందని తెలిశాక మా గుమ్మం తొక్కలేదు.

ఇక సెలవు సంగతి. గర్భస్రావమైతే ఆరు వారాలు జీతంతో సెలవివ్వాలని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం నుంచే ఉంది. పదిమందీ, అంతకు మించీ పనిచేసే దుకాణాలకూ అది వర్తిస్తుంది. నాకు ఐదో రోజునే ఫోను వచ్చింది, పండగ స్టాకు దిగిందని. వెళ్లాను. అప్పటికి చట్టం సంగతి తెలియదు, తెలిసినా నోరు లేచేది కాదేమో.

ఫైళ్లన్నీ దుకాణం కవరులోనే పెట్టుకున్నాను. మొన్న వరుసగా తిరగేస్తే మూడేళ్ల కాగితాల్లో మా ఆయన రక్త పరీక్ష ఒక్కటీ లేదు, బిడ్డకు సగం క్రోమోజోములు ఆయనవే అయినా.

నాకు చేసిన యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్షల్లో ఒకటి పాజిటివ్ వచ్చింది. కనీసం 12 వారాల తర్వాత మళ్లీ చేస్తే గానీ ఖాయం కాదు. వచ్చే సోమవారానికి 12 వారాలు నిండుతాయి. దుకాణానికి సెలవు చెప్పాను. ఆయన్నీ పరగడుపునే రమ్మన్నాను.