పది రోజులు ఆపితే క్రిమికి పండగే

"టీబీ మందులు వాడేకొద్దీ క్రిమి తన ప్రొటీన్లు మార్చుకుని ముదురుతుంది. అందుకే నెల వాడి పది రోజులు ఆపండి. మూత్రం ఎర్రగా వస్తే కిడ్నీలు పోతున్నట్టే. వెల్లుల్లి పాలు చాలు." కావలి నుంచి కనిగిరి దాకా ఏ గ్రూపు తెరిచినా ఇదే మెసేజ్. ఏందబ్బా ఈ గోల?

మూత్రం ఎర్రబడేది టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ రంగుకు. చెమటా కన్నీళ్లూ కూడా అదే రంగు. వెల్లుల్లి పాలు తాగండి, మాత్రలు మింగాక.

అసలు ముప్పు ఆ పది రోజుల్లో ఉంది. రిఫాంపిసిన్ క్రిమిలో జన్యువును చదివి ఆర్‌ఎన్‌ఏ తయారుచేసే ప్రొటీన్, ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌కు అతుక్కుని దాని పని ఆపుతుంది. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు; అతుక్కునే చోట 450వ స్థానంలో సెరీన్ అనే అమైనో ఆమ్లం బదులు ల్యూసీన్ పడిందా, మందుకు పట్టు దొరకదు. ఇంకో టీబీ మాత్ర ఐసోనయజిడ్‌ను పనిచేసే మందుగా మార్చేది క్రిమి సొంత ఎంజైమ్ క్యాట్‌జీయే. అక్కడ 315వ స్థానం మారితే మాత్ర మింగినా మింగనట్టే.

ఈ మార్పులు మందును చూసి వచ్చేవి కావు. జన్యువు నకలు తీసేటప్పుడు పొరపాటున, మందు పడకముందే పుడతాయి. రిఫాంపిసిన్‌కు లొంగనిది సుమారు 10 కోట్లలో ఒకటి, ఐసోనయజిడ్‌కు 10 లక్షల్లో ఒకటి. రెంటికీ లొంగనిది కోటి కోట్లలో ఒకటి. ఊపిరితిత్తిలోని ఒక్క గుల్లలో 10 కోట్ల క్రిములున్నా, మందులు కలిపి పడితే తప్పించుకునేది దాదాపు ఉండదు. ఆపి చూడండి: 20 గంటలకోసారి రెట్టింపయ్యే క్రిమి 10 రోజుల్లో 12 సార్లు రెట్టింపై, ఒకటి 4,096 అవుతుంది. అన్ని నకళ్లు, అన్ని కొత్త పొరపాట్లు. శాస్త్రం తెలిసిన మెసేజ్ గదా, ఈ లెక్క వేయలేదేం?

ప్రొటీన్లు మారతాయన్న ముక్క మాత్రం నిజమే. మందు తగిలాక మందును బయటికి తోసే పంపులు పెంచుకునేవి కొన్ని, ఎదుగుదల ఆపి నిద్రపోయేవి కొన్ని. జన్యువు మారదు, మందు పోతే మళ్లీ మామూలే. అలా నక్కినవాటి కోసమే 6 నెలలు మందులు వాడేది. మెసేజ్ రాసినాయన నిజం పట్టుకుని తలకిందులుగా నిలబెట్టాడు.

ఆపాల్సిన సందర్భమూ ఒకటుంది. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా మాత్రలన్నీ ఆపి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి లివర్ పరీక్ష చేయించాలి. మళ్లీ ఎప్పుడు, ఏవి మొదలెట్టాలో డాక్టరే చెప్పాలి. వట్టి వికారమైతే రెండు ఇడ్లీలు తిని వేసుకోండి. 50 నుంచి 64 కిలోల మనిషికి మొదటి రెండు నెలలు రోజుకు 4 మాత్రలు, ఒక్కోదాంట్లో నాలుగు మందులు. నాలుగుకు మూడు మింగితే నాలుగు మందులూ తగ్గినట్టే.

చీమకుర్తి క్వారీల వాళ్లకైతే ఈ మెసేజ్ అసలు పంపొద్దు. రాతిదుమ్ము పట్టిన ఊపిరితిత్తికి 6 నెలలే చాలకపోవచ్చు.