చౌక పాలనకు వెల కట్టింది బనాబా

పసిఫిక్‌లోని గిల్బర్ట్, ఎల్లిస్ దీవులను (నేటి కిరిబాటి, తువాలు) బ్రిటిష్ ప్రభుత్వం గుప్పెడు మంది అధికారులతో, ఖజానాపై భారం పడకుండా నడిపిందని ఆ పాలనపై వచ్చిన ఒక వ్యాసంలో రచయిత మెచ్చుకున్నారు. ఆ ఖర్చు ఎవరు భరించారో కూడా రాయవలసింది. అందులో పెద్ద వాటా అక్కడి బనాబా దీవిలో తవ్విన, ఎరువులకు వాడే ఫాస్ఫేట్ ఖనిజంపై వచ్చిన పన్నులదే. సుమారు ఆరు చదరపు కిలోమీటర్ల ఆ దీవిలో 1900లో ఆల్బర్ట్ ఎల్లిస్ అనే కంపెనీ ఉద్యోగి, దీవి అంతటి తరఫున మాట ఇచ్చే అధికారమే లేని ఒక పెద్దమనిషిని రాజుగా చూపి, ఏడాదికి 50 పౌండ్లకు, లేదా ఆ విలువ చేసే సరుకులకు, 999 ఏళ్లపాటు తవ్వకం హక్కులు రాయించుకున్నాడు.

1928లో బనాబాలోని బువాకోనికై గ్రామస్థులు ఇక భూమి ఇవ్వబోమన్నప్పుడు, వారికి అండగా నిలవవలసిన రెసిడెంట్ కమిషనర్ (ఆ దీవుల బ్రిటిష్ పాలనాధికారి) ఆర్థర్ గ్రింబుల్, సంతకం చేయకపోతే భూమి బలవంతంగా పోతుందని, ఊరికీ ముప్పు తప్పదని లేఖ రాసి బెదిరించాడు. దీన్ని పాలన అనడానికి నాకు మనసొప్పడం లేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో బనాబాపై జపాన్ ఆక్రమణ ముగిశాక, 1945 డిసెంబరులో, బతికి బయటపడిన బనాబన్లను సొంత దీవికి కాక, రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరాన ఫిజీలో ఉన్న రాంబి దీవికి చేర్చి, తుపానుల కాలంలో గుడారాల్లో ఉంచారు. రాంబిని కొన్నదీ వారి ఫాస్ఫేట్ రాయల్టీ సొమ్ముతోనే. తర్వాత వారు లండన్‌లో బ్రిటిష్ ప్రభుత్వంపై దావా వేస్తే, తమ పట్ల ప్రభుత్వానికి ఉన్నది కోర్టు ద్వారా అమలు చేయించగల బాధ్యత కాదని 1976లో న్యాయమూర్తి మెగారీ తేల్చారు. తవ్వకాలు 1979 వరకు సాగాయి.