3.2 శాతంలో మీవాడు ఏ గడిలో ఉన్నాడు?

నిరుద్యోగం లెక్క బయటికొచ్చిన ప్రతిసారీ ఇక్కడ అదే గొడవ. ఒక జట్టు "3.2 శాతమే, చూశారా" అని చంకలు గుద్దుకుంటుంది. ఇంకో జట్టు "అంతా దొంగ లెక్క, ఒక్కసారి హైదరాబాద్ అశోక్‌నగర్ వచ్చి చూడండి" అంటుంది. నిర్వచనాల పేజీ మాత్రం ఎవరూ తిప్పరు. దొంగ లెక్క అనాల్సిన అవసరం చాలాసార్లు రాదు. మనిషిని ఏ గడిలో వేశారో చూస్తే సంగతి బయటపడుతుంది.

ఆ అశోక్‌నగరే తీసుకుందాం. గ్రూప్స్‌కి చదువుతున్న కుర్రాడు, ఏడాదిలో ఏడు నెలలు ఉద్యోగం వేటలోనే ఉన్నాడు. హాస్టల్ ఫీజు కోసం మధ్యలో రెండు నెలలు బైక్ మీద పార్సిళ్లు పంచాడు. పీఎల్‌ఎఫ్‌ఎస్ అనే కేంద్ర ప్రభుత్వ ఉపాధి సర్వేలో ఏడాదిలో ఎక్కువ కాలం ఏం చేశాడన్నది ప్రధాన స్థితి. ఆ లెక్కన ఇతను నిరుద్యోగి. 30 రోజులు, ఆపైన చేసిన పని ఏదైనా ఉంటే అది అనుబంధ స్థితి. ఆ లెక్కన పని ఉన్నవాడు. రెండూ కలిపి చూసేటప్పుడు పనిదే పైచేయి, కాబట్టి కుర్రాడు నిరుద్యోగుల్లోంచి మాయం. 2023-24 రిపోర్టులో అందరూ ఊదరగొట్టే 3.2 శాతం ఈ లెక్కలోదే.

అదే రిపోర్టులో 'గత వారం' పద్ధతిలో చూస్తే 4.9 శాతం. ఇక్కడ గడిచిన ఏడు రోజుల్లో ఏదో ఒక రోజు ఒక్క గంట పని చేసినా పని ఉన్నట్టే. (ఈ గంట నియమం ఢిల్లీలో పుట్టింది కాదు, అంతర్జాతీయ కార్మిక సంస్థ ఐఎల్‌ఓ ప్రమాణమే.) గీత అంత కిందికి దించినా రేటు ఎక్కువే వచ్చింది. ఎందుకంటే ఎప్పుడో ఎండాకాలంలో చేసిన రెండు నెలల పని వారం లెక్కలో అక్కరకు రాదు.

2025లో సర్వే పద్ధతి మార్చేసి, నెలనెలా అంకెలివ్వడం మొదలుపెట్టారు. మే 15న వచ్చిన మొదటి బులెటిన్‌లో ఏప్రిల్ రేటు 5.1 శాతం. ఇది వారం లెక్క. దీన్ని తెచ్చి పాత 3.2 పక్కన పెట్టి "నిరుద్యోగం ఎగబాకింది" అని పోస్టులు పెట్టినవాళ్లున్నారు. సేరుతో కొలిచినదాన్ని కిలోతో తూచినదాని పక్కన పెట్టడమే ఇది. పోల్చాలంటే వారం లెక్కను వారం లెక్కతోనే పోల్చాలి.

ఇక భాగహారం. ఒక బస్తీలో వంద మంది పెద్దవాళ్లు. 55 మందికి పనుంది, ఐదుగురు వెతుకుతున్నారు, 40 మంది రెండూ కాదు. రేటు కట్టేది వంద మీద కాదు, 60 మీద. 5ని 60తో భాగిస్తే 8.3 శాతం. ఆ ఐదుగురిలో ముగ్గురు విసిగిపోయి వెతకడం మానేశారు, పని దొరికితే చేద్దామన్న ఆశ కూడా వదిలేశారు. ఇప్పుడు 57లో ఇద్దరు, అంటే 3.5 శాతం. బస్తీలో ఒక్క కొత్త కొలువు రాలేదు, రేటు మాత్రం సగానికి పైగా పడిపోయింది. అందుకే నిరుద్యోగ రేటు పక్కన శ్రామిక భాగస్వామ్య రేటు (పనిచేసేవాళ్లు, వెతికేవాళ్లు కలిపి జనంలో ఎంత శాతమో) ఇవ్వని వార్తను నేనైతే చదవను.

భాగస్వామ్యం పెరిగిందన్నా సంబరపడే ముందు, సర్వేలో మనిషి చేసే పనికి వేసే కోడ్‌లలో 21 అనేది చూడాలి. చిక్కడపల్లి మూల మీద టిఫిన్ బండి అనుకోండి. భర్త దోసెలు పోస్తాడు. భార్య రాత్రి పిండి రుబ్బి, తెల్లారుజామున నాలుగింటికి లేచి చట్నీకి పల్లీలు వేయిస్తుంది. సర్వే మనిషి "మీరేం చేస్తారమ్మా" అని అడిగితే "ఇంట్లనే ఉంట సార్" అంటుంది. 92, ఇంటిపని, శ్రామికుల లెక్కలోనే లేదు. "బండి పనిలో సాయం చేస్తారా" అని ఇంకో ప్రశ్న వేస్తే "పిండి రుబ్బుత, చట్నీ నేనే చేస్త" అంటుంది. కోడ్ 21, కుటుంబ వ్యాపారంలో జీతం లేని సహాయకురాలు. ఆమెకు పని ఉన్నట్టే లెక్క. అలా లెక్కించడం న్యాయమే, ఇన్నాళ్లూ ఆ చాకిరీని చూడకపోవడమే తప్పు. కానీ పనిచేసేవాళ్లలో ఈ జీతం లేని సహాయకుల వాటా 2017-18లో 13.6 శాతం ఉండి 2023-24లో 19.4కి చేరింది. నెలజీతగాళ్ల వాటా 22.8 నుంచి 21.7కి తగ్గింది. దీన్ని ఉపాధి విప్లవం అంటే మాత్రం ఒప్పుకోను.

ఈపీఎఫ్ఓ (ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ) చందాదారుల అంకెలు చూపి కొలువులు పెరిగాయని వాదించేవాళ్లకు ఒక్క మాట. 19 మంది ఉన్న కంపెనీలో 20వ మనిషి చేరితే పీఎఫ్ చట్టం వర్తిస్తుంది. వచ్చిన కొలువు ఒకటి, పెరిగే చందాదారులు 20 దాకా.

ఆరోగ్యం లెక్కల్లోనూ గడుల గోలే. వానాకాలం రాగానే సిటీలో ప్రతి గల్లీలో డెంగీ అంటారు, ప్రభుత్వ బులెటిన్‌లో అంకె చిన్నగా ఉంటుంది. ప్రైవేటు ల్యాబుల్లో ఎక్కువగా చేసేది ర్యాపిడ్ కార్డు టెస్టు. జాతీయ కార్యక్రమం నియమాల్లో అది సంభావ్య (ప్రొబబుల్) కేసే. ఎలైజా లాంటి పక్కా ల్యాబు పరీక్షలో తేలితేనే నిర్ధారణ. ఎలైజాలో కూడా రోజు చూసుకోవాలి. జ్వరం మొదలైన అయిదు రోజుల లోపు వైరస్ ప్రొటీన్‌ను పట్టే ఎన్‌ఎస్‌1, ఆ తర్వాత ఒంట్లో పుట్టే యాంటీబాడీని పట్టే ఐజీఎం. మూడో రోజు రక్తం తీసి ఐజీఎం చేస్తే నెగెటివ్ రావచ్చు, డెంగీ ఉన్నా సరే. కార్డులో తప్పుడు పాజిటివ్‌లూ వస్తాయి, కాబట్టి గల్లీ లెక్క కూడా నిజం కాదు. బులెటిన్‌లో కేసుల పక్కన ఎన్ని ఎలైజాలు చేశారో రాస్తే సగం పంచాయితీ తీరిపోతుంది.

అన్నిటికన్నా అధ్వానం మరణ కారణం. 2020లో దేశంలో నమోదైన 81 లక్షల మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. ఆ ధ్రువీకరించినవాటిలోనూ రాత సరిగా ఉండదు. ఆసుపత్రిలో చనిపోతే నింపేది ఫారం 4. అందులో (ఎ) తక్షణ కారణం, (బి), (సి) దానికి దారితీసిన కారణాలు, అడుగున అసలు మూలం. షుగర్‌తో కాలు కుళ్లి, ఇన్ఫెక్షన్ రక్తంలోకి ఎక్కి చనిపోతే (ఎ) సెప్సిస్, (బి) గ్యాంగ్రీన్, (సి) డయాబెటిస్ అని రావాలి. డ్యూటీ డాక్టరు హడావిడిలో (ఎ) దగ్గర 'కార్డియాక్ అరెస్ట్' అని గీకి మిగతావి ఖాళీ వదిలేస్తాడు. గుండె ఆగకుండా ఎవరు చనిపోతారు? అది జబ్బుల అంతర్జాతీయ కోడ్‌లలో ఐ46 అయి రక్తప్రసరణ జబ్బుల ఖాతాలో పడుతుంది. షుగర్ మరణం గుండె మరణమైపోయింది. రేపు మందులకు, స్క్రీనింగ్‌కు బడ్జెట్ వేసేది ఆ ఖాతాలు చూసే.

ఆలస్యం సంగతి చెప్పనక్కర్లేదు. 2021 మరణాల రిపోర్టు 2025 మేలో వచ్చింది. నమోదైన మరణాలు 1.02 కోట్లు, అంతకుముందు ఏడాదికన్నా 21 లక్షలు ఎక్కువ. నమోదు మెరుగవడం వల్ల కొంత పెరిగి ఉండొచ్చు. అయినా 2021కి అధికారిక కోవిడ్ మరణాలు మూడున్నర లక్షల లోపే.

2023లో సవరించిన జనన మరణాల నమోదు చట్టం ప్రకారం, ఆసుపత్రి ఆ కారణం పత్రం కాపీని దగ్గరి బంధువుకు ఉచితంగా ఇవ్వాలి. దుఃఖంలో ఎవరికీ గుర్తుండదు. డిశ్చార్జి కౌంటర్ దగ్గర బిల్లు తేల్చే చుట్టాన్ని ఎవరినైనా అడిగి తీసుకోమనండి. (ఎ) గడి ఒక్కటే నిండి ఉంటే, అంబులెన్సు కదిలేలోపే డాక్టరుతో (బి), (సి) రాయించుకోండి.