"సెట్ కాలేదు" అంటే ఏం కాలేదు?

పోయిన నెల మా చెల్లికి పెళ్లిచూపులయ్యాయి. వాళ్లు కూకట్‌పల్లి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా వచ్చారు, టిఫిన్ తిన్నారు, నవ్వుతూ వెళ్లారు. నాలుగు రోజులకు వాట్సాప్‌లో ఒక్క ముక్క: "సెట్ కాలేదండీ."

ఏం సెట్ కాలేదు? జాతకాలు కలవలేదా? ఇచ్చిపుచ్చుకోవడాల దగ్గర తేలలేదా? పిల్ల నచ్చలేదా? మా చెల్లి తన రంగు గురించే అనుకుని రాత్రంతా నిద్రపోలేదు. అసలు కారణం మాకు ఈరోజుకీ తెలియదు. అప్పటినుంచి ఈ మాట వింటే నాకు ఒళ్లు మండిపోతోంది.

మన ఊళ్లో ఒక్కరోజు చెవిపెట్టి వినండి. జాకెట్టు సెట్ కాలేదు. పెరుగు సెట్ కాలేదు. అత్తాకోడళ్లకు సెట్ కావట్లేదు. అమీర్‌పేటలో కోచింగ్‌కి వచ్చిన కుర్రాణ్ని హాస్టల్ ఎలా ఉందని అడిగితే "ఇంకా సెట్ కాలేదన్నా" అంటాడు. వాడికే ఉద్యోగం వస్తే "లైఫ్ సెట్".

మా అమ్మ ఇలా మాట్లాడదు. జాకెట్టు సరిపోలేదంటుంది, చీర రంగు నప్పలేదంటుంది, పెరుగు తోడుకోలేదంటుంది, ఫలానా వాళ్లింట్లో అత్తాకోడళ్లకు పొసగట్లేదంటుంది. నప్పకపోతే అందులో ఎవరి తప్పూ లేదు. పొసగకపోతే ఇద్దరి మధ్యా ఏదో ఉంది. ఎంత తేడా! ఆ తేడా పోయాక మిగిలేది అనుమానమే.

ఇంగ్లీషులోనే సెట్‌కు బోలెడు అర్థాలు కదా అంటారు. నిజమే. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండో కూర్పులో ఈ ఒక్క మాటకు క్రియగానే 430 అర్థాలు. దాని మొదటి అర్థం 'కూర్చోబెట్టడం'. లాడ్‌బజార్‌లో కొనే గాజుల సెట్ మాత్రం చాలామటుకు వేరే పుట్టుక, లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఇప్పుడు ఈఏపీసెట్‌గా మారిన ఎంసెట్‌లో సెట్ అయితే అసలు మాటే కాదు, ప్రవేశ పరీక్ష పేరులోని పొడి అక్షరాలు. కానీ అన్ని అర్థాలున్నా ఇంగ్లీషువాళ్లు చొక్కా కొలతకు ఒక మాట, రంగు నప్పడానికి ఇంకో మాట వాడుకుంటారు. పెరుగో సిమెంటో గట్టిపడితే వాళ్లూ సెట్ అంటారు, అంతవరకు ఒప్పుకుంటాను. సినిమా సెట్టు మీదా నాకు కోపం లేదు, అది ఆ పనితో పాటే వచ్చిన మాట. అన్నింటినీ ఒకే సంచిలో కుక్కింది మనమే.

నిన్న ఇంకో సంబంధం గురించి బాబాయ్ ఫోన్ చేశాడు. "సెట్ అయిందిరా!" అన్నాడు.

"ఏం కుదిరింది బాబాయ్, సరిగ్గా చెప్పు" అన్నాను.

కాసేపు ఆగాడు. "జాతకాలు కలిశాయి. అబ్బాయికి మన పిల్ల నచ్చింది. వాళ్ల నాన్న ఇంకా ఒప్పుకోలేదు."