పదేళ్లుగా కదలని పోర్షేకు తాళం తిప్పమని చెప్పకండి

ఈ మధ్య ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా అదే సందేశం. షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయిన ఎర్ర పోర్షే 944 (ఎనభైల నాటి జర్మన్ స్పోర్ట్స్ కారు) ఫొటో, దాని కింద ‘అమెరికాలో ఉన్న మనవాళ్లకు మంచి అవకాశం’ అన్న శీర్షిక. డాలస్ మిత్రుడు పంపాడు, న్యూజెర్సీ మిత్రుడు పంపాడు, చివరికి హైదరాబాద్‌లో ఉన్న మా బాబాయి కూడా పంపి, ‘నువ్వు ఈ బండ్లు విప్పుతుంటావు కదా, కొనమంటావా?’ అని అడిగారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది. అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

సందేశంలో ఉన్నది ఇది. మూడు, నాలుగు వేల డాలర్లకు పాత 944లు దొరుకుతున్నాయి. ఏళ్ల తరబడి నడపలేదు కాబట్టి అరుగుదల లేదు. కొత్త బ్యాటరీ పెట్టి, కొత్త పెట్రోలు పోసి, స్టార్ట్ చేసి ఇంటికి నడుపుకుంటూ వచ్చేయవచ్చు. గాల్వనైజ్ చేసిన (జింకు పూత వేసిన) బాడీ కాబట్టి తుప్పు పట్టదు. ఇంజన్ ఫోక్స్‌వాగన్ వ్యానుది కాబట్టి విడిభాగాలు చవక. కొన్నేళ్లలో ధర రెట్టింపవుతుంది. తర్వాత ఇండియాకు పంపి వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఆఖరున, పిల్లలతో కలిసి బాగుచేసుకోండి అన్న సలహా.

ఇంజన్ సంగతి ముందు తేల్చేస్తాను. ఫోక్స్‌వాగన్ ఎల్‌టీ వ్యానులోనూ వాడిన రెండు లీటర్ల ఇంజన్ పోర్షే 924 మోడల్‌ది. 944లో ఉన్నది పోర్షే సొంతంగా చేసుకున్న 2.5 లీటర్ల ఇంజన్. పోర్షే 928లోని ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్ నుంచి దాని రూపకల్పన వచ్చింది. చిన్నాచితకా భాగాలు కొన్ని ఫోక్స్‌వాగన్‌వే, నిజమే. ఖర్చు పెట్టించేవి అవి కావు.

నాకు కోపం తెప్పించింది ‘స్టార్ట్ చేసి నడుపుకుంటూ రండి’ అన్న మాట. దీన్ని రాసిన మనిషి 944 బానెట్ ఎన్నడైనా ఎత్తాడా అని నాకు అనుమానం.

ఈ ఇంజన్‌లో వాల్వులను తెరిచి మూసే క్యామ్‌షాఫ్టును తిప్పేది టైమింగ్ బెల్టు అనే రబ్బరు బెల్టు. వాటర్ పంపును తిప్పేదీ అదే బెల్టు. ఇంజన్ అదురు తగ్గించే బ్యాలన్స్ షాఫ్టులకు మరో బెల్టు ఉంది. టైమింగ్ బెల్టు తెగినా, దాని పళ్లు ఊడి జారినా, పైకి వస్తున్న పిస్టన్ తెరుచుకుని ఉన్న వాల్వును గుద్దుతుంది. వాల్వు వంగుతుంది. అంటే ఇంజన్ పైభాగమైన హెడ్ విప్పాలి, మెషిన్ షాపుకు పంపాలి, వాల్వులు మార్చాలి. మూడు వేలకు కొన్న బండి మీద ఆ పని మొదలైతే, బండికి పెట్టిన డబ్బు కంటే మరమ్మతుకు పెట్టేదే ఎక్కువ. అందుకే ఈ బండి గురించి తెలిసినవాళ్లు మైళ్లతో పాటు ఏళ్లూ లెక్కపెడతారు. నడిచినా నడవకపోయినా నాలుగైదేళ్లకొకసారి బెల్టు మార్చేస్తారు, ఎందుకంటే రబ్బరు ఊరికే ఉన్నా గట్టిపడుతుంది, పగుళ్లిస్తుంది.

పదేళ్లు షెడ్డులో ఉన్న బండిలో ఆ బెల్టు వయసు కనీసం పదేళ్లు. వాటర్ పంపు బేరింగు పట్టేసి ఉండవచ్చు. బెల్టును బిగించే రోలర్లలో గ్రీజు గట్టిపడి ఉంటుంది. అలాంటప్పుడు కొత్త బ్యాటరీ పెట్టి తాళం తిప్పితే స్టార్టర్ మోటారు తన బలమంతా ఆ ఎండిన రబ్బరు మీద చూపిస్తుంది. పాడు చేయడానికి కొన్ని సెకన్లు చాలు. అంతకు ముందు నిమిషం వరకు బాగానే ఉన్న ఇంజన్‌ను కొన్నవాడే చేతులారా చంపుకుంటాడు. ఆ సందేశం ఇచ్చే సలహా అచ్చంగా ఇదే.

‘నడవలేదు కాబట్టి అరగలేదు’ అన్నది తర్కంలా వినిపిస్తుంది కానీ కారు విషయంలో తలకిందుల మాట. నడవని బండిలో బ్రేకు ద్రవం తేమ పీల్చుకుని, చక్రాల దగ్గర బ్రేకు పట్టే కాలిపర్ల లోపలి పిస్టన్లను తుప్పుతో బిగిస్తుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు ట్యాంకులో పాడై జిగటగా మారి ఇంజెక్టర్లను మూసేస్తుంది. సీళ్లు ఎండిపోతాయి. క్లచ్ ప్లేటు మధ్యలో రబ్బరు ఉన్న పాత రకమైతే అది కూడా ఎండి ముక్కలవుతుంది. క్లచ్ మార్చాలంటే ఈ బండిలో గేర్‌బాక్సు వెనక ఇరుసు దగ్గర ఉంటుంది కనుక ఎగ్జాస్టు దించి, గేర్‌బాక్సును కదిలించి, ఇంజన్‌ను గేర్‌బాక్సుతో కలిపే మధ్య గొట్టాన్ని వెనక్కి లాగాలి. బెల్టులు, వాటర్ పంపు కలిపి చేయిస్తేనే వెయ్యి డాలర్లు దాటుతుంది. క్లచ్‌కు అంతకు మించి సిద్ధపడాలి.

డబ్బు పోతే పోనివ్వండి. ఇంజన్ మీదుగా వెళ్లే పెట్రోలు గొట్టాల రబ్బరు పగిలితే పెట్రోలు పడేది వేడెక్కిన ఇనుము మీద. బండ్లు తగలబడేది ఇలాగే. టైర్ల పక్కన ముద్రించిన అంకెల్లో చివరి నాలుగు చూడండి: 2309 అని ఉంటే ఆ టైరు 2009లో 23వ వారంలో తయారైంది. పైన గాట్లు కొత్తవిలా మెరుస్తున్నా లోపలి పొరలు ఊడిపోయే వయసు అది. ఇలాంటి టైర్లతో, ఇలాంటి బ్రేకులతో, ఇలాంటి గొట్టాలతో ఫ్రీవే మీద డెబ్భై మైళ్ల వేగంతో ఇంటికి రమ్మంటున్నారు. పక్క సీట్లో ఎవరిని కూర్చోబెట్టుకుని రమ్మంటున్నారో కూడా చెప్పాల్సింది. ఆలోచించకుండా దీన్ని ముందుకు పంపినవాళ్లందరినీ అడుగుతున్నాను: మీ తమ్ముడు రేపు ఆ మాట నమ్మి తాళం తిప్పితే మీరేం చెబుతారు?

బండిని లారీ మీద తెచ్చుకోండి. టైమింగ్ బెల్టు, బ్యాలన్స్ బెల్టు, రోలర్లు, వాటర్ పంపు ముందు మార్చండి. ఆయిలు మార్చి, స్పార్క్ ప్లగ్గులు తీసి, సిలిండర్లలో కొద్దిగా నూనె వేసి, ఇంజన్ ప్రధాన ఇరుసైన క్రాంక్‌ను పానాతో చేతితోనే నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడ గట్టిగా తగిలినా ఆపేయండి. ట్యాంకు ఖాళీ చేసి, గొట్టాలు మార్చి, బ్రేకులు విప్పి చూసి, ఆ తర్వాతే తాళం. ఇదంతా చేయించే డబ్బు బండి ధరతో పాటు చేతిలో లేకపోతే ఆ బండి మీకు చవక కాదు.

తుప్పు విషయానికి వస్తే, గాల్వనైజ్ చేశారన్నది నిజం. ఆ రోజుల ఇతర కార్ల కంటే ఇవి బాగా నిలిచాయన్నదీ నిజం. కానీ బాడీకి తుప్పు పట్టి చిల్లు పడదని పోర్షే 1986లో ఇచ్చిన హామీ పదేళ్లకే. ఆ పదేళ్లు ఎప్పుడో ముగిశాయి. ఇంజన్ వెనక గోడ దగ్గర బ్యాటరీ కూర్చునే తట్ట చూడండి: ఆమ్లం కారి ఇనుము తినేసి ఉంటుంది, అక్కడి నుంచి వాన నీళ్లు లోపలి కార్పెట్ కిందకు దిగుతాయి. తలుపుల కింద సిల్ భాగాల్లో మట్టి చేరి నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుంటే లోపలి నుంచి కుళ్లుతాయి. కార్పెట్ ఎత్తి చేత్తో తడమండి. కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) డబ్బా మూత తీసినప్పుడు టీలో పాలు కలిసినట్టు కనిపిస్తే ఆయిల్ కూలర్ సీళ్లు పోయాయని అర్థం. అది ఒక్కోసారి అంతకంటే పెద్ద రోగానికి గుర్తు కావచ్చు. సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ పరీక్షలో నాలుగు సిలిండర్ల అంకెలూ దగ్గర దగ్గరగా రావాలి. అన్నిటికంటే ముందు బిల్లుల కట్ట అడగండి. రెండు లక్షల మైళ్లు తిరిగినా ఏటా పని చేయించిన బిల్లులున్న బండి, యాభై వేల మైళ్లకే షెడ్డులో పడేసిన బండి కంటే మేలు.

ధర రెట్టింపు అన్నదానికి ఎక్కువ రాయను. 1982 నుంచి 1991 వరకు లక్షా అరవై వేలకు పైగా 944లు తయారయ్యాయి. ధర పెరిగినవి ప్రధానంగా 1988 టర్బో ఎస్ లాంటివి, అదీ బాగా చూసుకున్నవి. మామూలు ఎనిమిది వాల్వుల 944ను, అందులోనూ పాడుబడినదాన్ని, పెట్టుబడి అని పిలవడం జనాన్ని మోసగించడమే.

ఇండియాకు పంపడం అన్నది ఇప్పట్లో కుదరదు. వింటేజ్ కాని వాడిన కారును దిగుమతి చేయాలంటే అది మూడేళ్లకు మించి పాతదై ఉండకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి. అమెరికాలో కొన్న 944కు స్టీరింగు ఎడమ వైపు. వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు 2021లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం బండికి యాభై ఏళ్లు నిండాలి. 1987 మోడల్‌కు అవి నిండేది 2037లో. అప్పుడు కూడా ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు తప్ప రోజువారీ తిరగడానికి అనుమతి లేదు. బాబాయ్, దయచేసి కంటైనరు ఖర్చు గురించి ఎవరినీ అడగకండి.

పిల్లలతో కలిసి బాగుచేసుకోండి అన్న ఆఖరి మాటను మాత్రం మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాను. వాదించడానికి కూర్చుని కూడా దానికి అడ్డు చెప్పలేకపోయాను. ముందు ఇంజన్, వెనక గేర్‌బాక్సు ఉండడం వల్ల బరువు రెండు వైపులా దాదాపు సమానంగా పడి, మలుపుల్లో ఈ బండి పలికే తీరు నేటి కార్లలో నాకు దొరకలేదు. ఫ్యాక్టరీ మాన్యువల్ స్పష్టంగా ఉంటుంది, భాగాలు చేతికి అందుతాయి. మన ఇళ్లలో పిల్లలకు లెక్కలు నేర్పినంత శ్రద్ధగా పానా పట్టడం నేర్పం. నేర్పాలి. జాక్ ఒక్కదాన్నే నమ్మి కిందకు దూరకుండా స్టాండ్లు పెట్టి, గ్యారేజీ తలుపు తెరిచి నేర్పండి.

బండి చూడడానికి వెళ్లినప్పుడే వాళ్లను వెంట తీసుకెళ్లండి. టార్చి వాళ్ల చేతికివ్వండి. బ్యాటరీ తట్ట కింద, సిల్ అడుగున వాళ్లనే చూడమనండి. బెల్టు కవరు పైభాగం విప్పి చూస్తామంటే అమ్మేవాడు ఒప్పుకోకపోతే, అక్కడితో బేరం ఆపి వచ్చేయండి.